మా మావగారి ఇంటిపేరు

పోయిన వారం బెల్‌ఫాస్ట్‌లో మా జీపీ సర్జరీకి, అంటే మా ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌కి, వెళ్ళాను. కొత్తగా చేరిన రిసెప్షనిస్టు అమ్మాయి "మిసెస్ గాల్‌బ్రెయిత్" అని పిలిచి, నన్ను దాటి కిటికీ పక్కన కూర్చున్న తెల్లావిడ వైపు చూసి నవ్వింది. నేను లేచి నిలబడేసరికి, పాపం, ఆ పిల్ల ముఖం కందిపోయింది. నాకిది అలవాటే. ఇరవై రెండేళ్ళుగా ఈ పేరు మోస్తున్నాను. రాజమండ్రిలో మా అమ్మకు మాత్రం ఇప్పటికీ నోరు తిరగదు, "గాలిబుడగ" అంటుంది. ఇంటికి తిరిగొస్తూ బస్సులో మా మావగారు గుర్తొచ్చారు.

ఆయన పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. ఏ వీధిలో ఏ ఇంటిపేరువాళ్ళు ఎన్ని తరాలుగా ఉన్నారో ఆయనకు కంఠతా వచ్చు. మాటలు తక్కువ, టీ ఎక్కువ. తన పేరంటే మాత్రం చెప్పలేనంత గర్వం. స్కాట్లండ్ నుంచి వచ్చిందని, రాయిలాంటి పేరని అనేవారు. నర్సుగా ఈ ఊరొచ్చిన నేను ఆయన ఒక్కగానొక్క కొడుకును పెళ్ళి చేసుకున్న రోజున, రిజిస్టర్ ఆఫీసు మెట్ల మీద నన్ను పక్కకు పిలిచి, "నీ పేరు నువ్వే ఉంచుకో, అమ్మాయ్. మాది చాలా పాత పేరు. నీకు నప్పదు," అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. ఈ ఉత్తరం మీ ఇంటిది కాదని చెప్పినట్టు చెప్పారు. పెళ్ళయితే ఇంటిపేరు మారడం మా వైపు ఆచారం కాబట్టి మార్చుకున్నాను. కొంత మొండితనమూ ఉందేమో. ఆ తరవాత మూడేళ్ళు ఆయన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. నేను మాత్రం తెలుగులోనే "మావగారూ" అనేదాన్ని. అదేదో గౌరవమైన మాటని ఆయనకూ అర్థమైంది.

అత్తగారు పోయాక ఆయనకు చూపు మందగించింది. సరిగ్గా అప్పుడే వంశచరిత్ర పిచ్చి పట్టుకుంది. చర్చి రిజిస్టర్ల నకళ్ళు వంటింటి బల్ల మీద గుట్టలుగా పడి ఉండేవి. మా ఆయనకు ఓపిక లేదు. "వాళ్ళంతా ఎప్పుడో పోయారు కదా నాన్నా," అనేవాడు. చివరికి హాస్పిటల్ డ్యూటీల్లో నాకు సెలవు పడే మంగళవారాలు నేనే వెళ్ళి చదివిపెట్టడం మొదలుపెట్టాను. అలా వెనక్కి వెనక్కి వెళ్ళాం. బెల్‌ఫాస్ట్ నుంచి ఆంట్రిమ్‌లో ఒక కౌలు పొలానికి, అక్కణ్ణుంచి సముద్రం దాటి స్కాట్లండ్‌లో గిగా అనే చిన్న ద్వీపానికి, అక్కణ్ణుంచి లోక్ లోమండ్ సరస్సు పక్క కొండలకు. ఒకచోట కరువు తరిమింది, మరోచోట భూస్వామి తరిమాడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో గుమాస్తా ఆ పేరును తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. నేను చదువుతూ ఉంటే ఆయన కప్పులో టీ చల్లారిపోయేది.

ఒక మంగళవారం, ఇంటిపేర్ల పుట్టుక గురించిన లైబ్రరీ పుస్తకంలో ఆ పేరున్న పేజీ దొరికింది. రెండు వాక్యాలు కళ్ళతో చదివి ఆగిపోయాను. ఆయనకు కనబడదు, నేను దాటేసినా తెలియదు. నిజం చెప్పాలంటే దాటేద్దామనే అనుకున్నాను.

"ఏమైంది? చదువు," అన్నారు.

చదివాను. స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో 'గాల్' అంటే పరాయివాడు, 'బ్రెయిత్' అంటే బ్రిటన్ అనే పాత జాతివాడు. తమ మధ్యకు వచ్చి స్థిరపడి వేరే భాష మాట్లాడే బ్రిటన్లను గేలిక్‌వాళ్ళు అలా పిలిచేవారట. గాల్‌బ్రెయిత్ అంటే పరాయి బ్రిటన్.

ఆయన "మళ్ళీ చదువు," అన్నారు. మళ్ళీ చదివాను.

"అంటే ఇది మావాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. చుట్టుపక్కలవాళ్ళు పెట్టింది."

"అవును మావగారూ."

ఆయన నా వైపు తిరిగి, "నీ పాత పేరేమిటి?" అని అడిగారు. అడగడం అదే మొదటిసారి.

"ముక్కామల. అదొక ఊరు. మా పెద్దలు ఎప్పుడో అక్కణ్ణుంచి గోదావరి దాటి వచ్చేశారు. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు కదా. వదిలి వచ్చాకే అది ఇంటిపేరవుతుంది."

ఆయన లేచి, గోడ పట్టుకుని నడిచి, ముందుగదిలోంచి కుటుంబ బైబిలు తెచ్చారు. మొదటి పేజీ నిండా పెళ్ళిళ్ళు, పుట్టుకలు. మా పెళ్ళి అందులో లేదు.

"నేను రాయాల్సింది. కావాలనే రాయలేదు. తప్పు చేశాను," అన్నారు. "ఇప్పుడు రాద్దామన్నా నాకు గీత నిలవదు. నువ్వే రాయి. రెండు ఇంటిపేర్లూ రాయి. మీ అక్షరాల్లో కూడా."

రాశాను. తెలుగు రాసి చాలా కాలమై 'ముక్కామల'లో కొమ్ము వంకర పోయింది. సిరా ఆరేదాకా ఆగి ఆయన దాని మీద వేలితో తడిమారు. తరవాత నన్ను పేరు పెట్టి పిలిచి, టీ తాగుతావా అని అడిగారు.

ఇద్దరం కలిసి గిగా చూసి రావాలనుకున్నాం. ఆ చలికాలంలోనే ఆయన గుండె ఆగిపోయింది. మరుసటి వేసవిలో మా ఆయనా నేనూ ఫెర్రీలు మారి వెళ్ళాం. పాత చర్చి శ్మశానంలో సమాధి రాళ్ళు వానకూ ఉప్పుగాలికీ అరిగి నున్నబడిపోయాయి. ఏది మావాళ్ళదో తెలియలేదు. వంశచరిత్రంటే విసుక్కునే మా ఆయన ఒక్కో రాయి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, నాచు తుడిచి, అక్షరం కోసం వేళ్ళతో వెతికాడు. నేను తొందరపెట్టలేదు. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అని మనుషులం పట్టింపులకు పోతాం గానీ, కాలం దృష్టిలో అందరమూ నిన్న సాయంత్రం వచ్చి దిగినవాళ్ళమే.