ముజియోనో ఒంట్లో దూరిన గాలి

మా సలాతిగా ఊళ్లో ముజియోనో కారులో పెళ్లికూతురు మండపానికి రాకపోతే ముసలాళ్లకి పెళ్లి చూసినట్టే ఉండదు. మీగడ రంగు పాత ఫియట్ అది. మా వీధిలో సగంమంది కంటే వయసులో పెద్దది. అతను దాన్ని నడిపే వేగానికి పక్కన నడిచే పిల్లలు కూడా విసుక్కుంటారు. ఇస్త్రీ చొక్కా, నల్ల టోపీ, పెదవి మూల లవంగాల సిగరెట్. పెళ్లాంతో కంటే కారుతోనే ఎక్కువ మాట్లాడతాడు. పక్కింటివాణ్ణి కాబట్టి అన్నీ నా చెవిన పడతాయి. అతను ఒకరు చెప్పింది వినే రకం మాత్రం కాదు.

ఆ ఏడు వానలు తగ్గాక ఇంజను విప్పించి బాగు చేయించాడు. మెకానిక్ సారిప్ కారు అప్పగిస్తూ నా ఎదుటే చెప్పాడు.

"అన్నా, మానిఫోల్డ్ కొత్తగా బిగించాను. నాలుగుసార్లు వేడెక్కి చల్లారితే నట్లు వదులౌతాయి. ఓసారి తీసుకొస్తే మళ్లీ బిగించేస్తా. మర్చిపోకు."

మానిఫోల్డంటే ఇంజన్లోంచి పొగని బయటికి పంపే ఇనప గొట్టాల గుత్తి. ముజియోనో తలూపాడు. ఈలోగా పెళ్లిళ్ల నెల వచ్చిపడింది. ఇంకెక్కడి సారిప్, ఎక్కడి నట్లు!

తర్వాత తలనొప్పి మొదలైంది. పెళ్లి నుంచి ఇంటికొచ్చేసరికి కణతలు పగిలిపోయేవి, కడుపులో తిప్పేది. ఇంకేముంది, ఒంట్లో గాలి దూరిందన్నారు. మా ఊళ్లో చావు తప్ప ప్రతి జబ్బూ గాలి దూరడమే. భార్య సుమిరా అతన్ని బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, గాలి బయటికి పోవాలని ఎర్రటి చారలు తేలేదాకా వీపంతా నాణెంతో గీకింది. అల్లం కషాయం పట్టించింది. అతనేమో గాలి రాకుండా కారు అద్దాలన్నీ ఎక్కించేశాడు. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. ఎంత మూస్తే జబ్బు అంత ముదిరింది.

ఇంజను టిక్కు టిక్కుమంటోందేమిటని అడిగితే, "దానికీ వయసొచ్చింది, కీళ్లు మూలుగుతున్నాయి" అన్నాడు.

నేను నవ్వాను. అతనికి నవ్వు రావడం లేదని ఓ సాయంత్రం తెలిసింది. మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"తమ్ముడూ, మా నాన్న ఇదే వయసులో పోయాడు. పేకాడుతూ తల తిరుగుతోందిరా అన్నాడు, అంతే."

"ఛ, ఊరుకో అన్నా."

"మా అమ్మాయి రెత్నింగ్‌ని నా కార్లో నేనే మండపానికి తీసుకెళ్తానని దాని చిన్నప్పుడే మాటిచ్చా. ఇప్పుడు స్టీరింగు పట్టుకోవాలంటేనే భయమేస్తోంది. పిల్ల వెనకుండగా నేను పడిపోతే? నువ్వు నడుపు. నా మాట పోతే పోయింది, పిల్ల క్షేమంగా ఉంటే చాలు."

రెత్నింగ్ ఒక్కగానొక్క కూతురు. పెళ్లి ఆ ఆదివారమే. రోజూ సంతకి సరుకు వ్యాను నడిపేవాణ్ణి కాబట్టి సరేనన్నాను.

మర్నాడు ఉదయం కారు చేతికి అలవాటవాలని బయల్దేరాం. పక్కన ముజియోనో. సంతలో దింపమంటూ అతని అత్తగారు కసీనా వెనక ఎక్కింది. అద్దాలు బిగించే ఉన్నాయి. కొండ ఎక్కేసరికి నా కణతలు కొట్టుకోవడం మొదలైంది. పుట్టి బుద్ధెరిగాక నాకు గాలి దూరింది లేదు.

"అల్లుడూ, అద్దం దించు," అంది కసీనా.

"వద్దత్తయ్యా, గాలి దూరుతుంది."

"నాకు వాంతొస్తోందయ్యా!"

"అదిగో, మీకూ దూరింది."

"ఎక్కణ్ణించి దూరింది? చీమకి కూడా సందు లేకుండా కుక్కావుగా! ఇంట్లోంచి గుండ్రాయిలా వచ్చాను."

"నాకూ తల పగిలిపోతోంది," అన్నాను.

"ముగ్గురికీ ఒకేసారా? ఈ గాలి కార్లోనే కాపురముంది. బండాపు!"

ఆపాను. ఆవిడ తలుపు సందుల్లో కుక్కిన గుడ్డలన్నీ పీకి రోడ్డు మీదికి విసిరేసింది. చెట్టు కింద కూర్చున్నాక మెల్లగా తలలు తేలికపడ్డాయి. కార్లోనే అన్న మాటకి నాకు సారిప్ గుర్తొచ్చాడు. బానెట్ ఎత్తాను. మానిఫోల్డ్ ఇంజనుకి అతుక్కునే చోట నల్లటి మసి చారలు. చల్లారాక ముట్టుకుంటే నట్లు వేళ్లతోనే తిరిగాయి. ఒకటైతే ఊడి ఎక్కడో పడిపోయింది. ఆ సందులోంచి వచ్చిన పొగంతా పెడళ్ల దగ్గరి కంతల్లోంచి లోపలికి ఎక్కుతోంది. ఇన్నాళ్లూ లవంగాల సిగరెట్టూ పెళ్లి మల్లెదండలూ కలిసి ఆ వాసనని కప్పేశాయి.

ముజియోనో ఒక నట్టుని వేలితో తిప్పి చూశాడు.

"అయితే నా తల బాగానే ఉందా?"

"తల సంగతి నేను చెప్పలేను," అంది అత్తగారు. "నొప్పి మాత్రం నట్లది."

అతను నేల మీద చతికిలబడి పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అద్దాలన్నీ దించుకుని తిన్నగా సారిప్ దగ్గరికి పోయాం. కొత్త నట్లు వేసి, ఇంజను వేడెక్కించి, చల్లార్చి మళ్లీ బిగించాడు. బిగించినంతసేపూ తిట్టాడు. ముజియోనో తల వంచుకుని అన్నీ పడ్డాడు. "ఈ నెల్లో కారెక్కిన పెళ్లికూతుళ్లందరికీ తల తిరిగితే సిగ్గనుకున్నామురా," అని గొణిగాడు. ఆ సాయంత్రమే అరటిపళ్లు పట్టుకుని వాళ్ల ఇళ్లన్నీ తిరిగి ఆ అమ్మాయిలెలా ఉన్నారో అడిగొచ్చాడు. అందరూ కులాసాగానే ఉన్నారు.

ఆదివారం స్టీరింగు ముందు అతనే కూర్చున్నాడు. వెనక కొప్పు నిండా మల్లెలతో రెత్నింగ్. అలంకారం చేసినావిడ గుమ్మంలోంచి కేకేసింది.

"అద్దాలెత్తండయ్యా! గాలికి కొప్పు చెదిరిపోతుంది!"

"చెదిరితే మళ్లీ దువ్వుకోవచ్చు," అన్నాడు ముజియోనో.

రెత్నింగ్ నవ్వి, తన పక్క అద్దం కూడా అడుగుదాకా దించింది.