హమామాకు పెట్టిన ముద్ద

యెమెన్ కొండల్లో ఆవు ముందు మేత పడేసి పోయే ఆడదాన్ని చూస్తే నలుగురూ నవ్వుతారు. అక్కడ ఆవుకు ముద్దలు పెట్టాలి. గుప్పెడు ఎండు జొన్నచొప్పను మడిచి, పైన నాలుగు పచ్చగడ్డి పరకలు చుట్టి నోటికి అందించాలి. పచ్చదనం చూసి ఆవు నోరు తెరుస్తుంది, దాంతోపాటు లోపలి చొప్పా దిగిపోతుంది. మోసమే. చందమామను చూపించి బిడ్డకు అన్నం తినిపించడం మోసమైతే ఇదీ మోసమే. ఆ పనిలో గుసూన్‌కు ఊళ్ళో పెద్ద పేరు. కడుపు పండని ఆ ఇల్లాలు తన ఆవు హమామాను దూడగా ఉన్నప్పటి నుంచీ అలాగే సాకింది.

రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది. కొండవాలు చేలల్లో జొన్న మోకాలెత్తయినా రాకుండా మాడిపోయింది. సంతలో చొప్పకట్ట అడిగితే మేక వెల చెబుతున్నారు. పోనీ ఆ మేకనే అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. ముద్దకు చుట్టే నాలుగు పరకలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. ఆవు డొక్కలు లోపలికి పోయాయి.

చివరికి ఆవును అమ్మేద్దామని గుసూన్ భర్త ముస్లిహ్, లోయలో బావి కింద పొలమున్న నాజీని పిలుచుకొచ్చాడు. నాజీ కాస్త చొప్ప తీసి హమామా ముందు పడేశాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఇది రోగిష్టి గొడ్డు బావా! ఊరికే ఇచ్చినా నాకొద్దు," అని నాజీ తాడు వదిలేశాడు.

గుసూన్ గుండె ఒక్కసారి తేలికపడింది. నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆవు తన దగ్గరే ఉంటుంది. ఉండి ఏం తింటుంది? కొట్టంలో మిగిలింది ఒక్క కట్ట.

"రోగం నీ కళ్ళకేమో చూసుకో తమ్ముడూ! దానికి చేత్తో పెట్టాలి," అంటూ గోడవార దాచుకున్న పచ్చగడ్డి తీసి ముద్ద చుట్టింది. హమామా ఆత్రంగా అందుకుంది. బేరం కుదిరిపోయింది.

"మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పెడతారా?"

"ఎవరికి తీరికక్కా! మేతకైతే కరువు లేదు. ఆకలేస్తే అదే తొట్లో మూతి పెడుతుంది."

లారీ ఎక్కమంటే ఆవు మొరాయించింది. కర్ర ఎత్తిన నాజీని ఆపి, గుసూన్ ఇంకో ముద్ద చుట్టి ముందు నడిచింది. ఆమె చేతినే చూస్తూ హమామా ఎక్కేసింది.

లారీ కనుమరుగయ్యాక ముస్లిహ్ అన్నాడు: "ఏడవకే. అక్కడ కడుపు నిండా తింటుంది."

"తింటుందిలే. కర్రదెబ్బకు ఎక్కినా బాగుండేదయ్యా. నన్ను నమ్మి ఎక్కింది."