తప్పు చీటీది

మా అమ్మ కనకమహాలక్ష్మి గురించి చెప్పమంటే ముందు ఆమె చేతిరాత గురించే చెబుతాను. రేకు ముక్కల మీద పెయింటుతో, గుండ్రంగా, పెద్దగా రాస్తుంది. బిలాస్‌పూర్‌లో ఆమె పనిచేసే రైలింజన్ల షెడ్‌లో, టూల్ రూమ్ గోడకున్న ప్రతి పనిముట్టు పక్కనా అలాంటి చీటీ ఒకటి వేలాడుతూ ఉంటుంది.

అక్కడే పనిచేసిన నాన్న పోయాక అమ్మకి ఖలాసీ ఉద్యోగం ఇచ్చారు, షెడ్‌లో అన్నిటికంటే కింది మెట్టు పని. అప్పుడు నాకు ఆరేళ్లు. పనిముట్లు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం ఆమె డ్యూటీ. చేరిన కొత్తలో ఒక ఫిట్టరు టార్క్ రెంచ్ పట్టుకెళ్లి, తుప్పుపట్టిన బోల్టు విప్పబోయి దాన్ని పాడుచేశాడు. అది బోల్టుని సరిగ్గా ఎంత కావాలో అంతే బిగించడానికి వాడే నాజూకు పనిముట్టు. ఫోర్‌మన్ శంకరరావుగారు ఆ ఫిట్టరుని నానా మాటలూ అంటుంటే అమ్మ అడ్డం పడిందట.

"ఆడిదేటి తప్పు బాబూ? నాను రాసిన చీటీలో పేరొక్కటే ఉంది. దేనికి వాడకూడదో నేదు. తప్పు చీటీది."

మర్నాడే ఆ చీటీ మార్చింది. ‘బోల్టు ఆఖరి బిగింపుకి మాత్రమే. విప్పడానికి కాదు. విప్పాలంటే పక్క మేకుకున్న పొడవు పానా తీసుకో.’ అంతా హిందీలోనే, ఎందుకంటే షెడ్‌కి నాలుగు రాష్ట్రాల మనుషులొస్తారు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త చీటీ రాస్తే షెడ్‌లో అందరికంటే కొత్తగా చేరిన మనిషిని పిలిచి చదివిస్తుంది. ఫలానా పని ఉంది, దానికి కావలసింది తెమ్మంటుంది. ఆపైన నోరు మెదపదు. అతను తప్పుది తెస్తే చీటీ చెరిపేసి మళ్లీ రాస్తుంది, మనిషిని మాత్రం పల్లెత్తు మాట అనదు.

ఇలాంటి మనిషి ఉద్యోగాన్ని నేను స్కూలు ఫారంలో ‘రైల్వే ఆఫీసు’ అని రాశాను. ఆమె చేతుల గ్రీజు వాసనకి సిగ్గుపడ్డాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లడం లేదు.

ఇప్పుడు నేను చేసేదీ పనిముట్ల పనే. ఊళ్లో టోకు బజారు వ్యాపార్ విహార్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ సేఠ్ కోసం ఏఐ ఏజెంట్ తయారుచేస్తున్నాను. అడిగిన మాట అర్థం చేసుకుని, తన దగ్గరున్న పనిముట్లలో ఒకటి ఎంచుకుని పని కానిచ్చే ప్రోగ్రాం అది. లారీ ఎక్కడుందో చూసేది ఒక పనిముట్టు, ట్రిప్పు రద్దుచేసి వేరే లారీ పంపేది ఇంకొకటి. ఏది ఎప్పుడు వాడాలో మనం రాసిపెట్టిన వివరణ చదివే అది తేల్చుకుంటుంది. నాకా వివరణలు చిల్లర పనిలా అనిపించి, ఒక్కోటీ ఒక్క ముక్కలో గిలికి పారేశాను.

సోమవారం సేఠ్ గుమస్తా, "రతన్‌పూర్ లారీ లేటయింది, ఏమైందో చూడు" అని టైపు చేశాడు. లారీ రతన్‌పూర్ గుడి దగ్గర జనంలో చిక్కుకుంది, అంతే. మా ఏజెంట్ ఆ ట్రిప్పు రద్దుచేసి ఇంకో లారీని పంపేసింది. ఒకే గోదాము ముందు రెండు లారీలు! గురువారంలోగా సరిచేయకపోతే మీ ఏజెంటే వద్దన్నాడు సేఠ్. నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. పోతే ఈ ఊళ్లో రెండోది ఎవరిస్తారు?

ఇంటికొచ్చి క్వార్టర్ దద్దరిల్లేలా ఏజెంట్‌ని తిట్టాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, "ఏటి రాసేవో సదువు" అంది.

"మొదటిది, లారీ సమాచారం. రెండోది, ఆలస్యమైన ట్రిప్పుల కోసం."

"లారీ లేటయిందంటే నానూ రెండోదే తీద్దును. దాన్నెందుకు తిడతావే?"

నాకు ఒళ్లు మండింది. "ఇది నీ షెడ్ కాదమ్మా, ఏఐ."

"అచ్ఛా. అయితే కొత్త మనిషికి తెలీనిది దానికేటి తెలుసో సెప్పు."

ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. గురువారం దాకా మిగిలిన రెండు సాయంత్రాలూ మా అమ్మే ఏజెంట్. నేను మొత్తం పద్నాలుగు పనిముట్ల వివరణలూ చదివి, గుమస్తాలా ఏదో ఒకటి అడిగేదాన్ని. నేను రాసినదాన్ని బట్టే ఆమె పనిముట్టు ఎంచేది, సొంత తెలివి ఒక్క పిసరు కలిపేది కాదు. తప్పుది ఎంచినప్పుడల్లా నేను కొట్టేసి మళ్లీ రాశాను. ఆ రెండోది చివరికి ఇలా తయారైంది: ‘ఇది ట్రిప్పుని రద్దు చేస్తుంది. చేశాక వెనక్కి తీసుకోలేం. ఆలస్యమైందన్నంత మాత్రాన వాడకు. రద్దు చేయమని మనిషి చెబితేనే వాడు. లారీ ఎక్కడుందో చూడాలంటే మొదటి పనిముట్టు తీసుకో. అనుమానముంటే అడుగు.’

గురువారం సేఠ్ తనే కూర్చుని, "మస్తూరీ లారీ ఇంకా రాలేదు" అని కోపంగా టైపు చేశాడు. ఏజెంట్ జవాబిచ్చింది. "లారీ మస్తూరీ దాటింది, ఇరవై నిమిషాల్లో వస్తుంది. ఆగుదామా, రద్దు చేయమంటారా?"

సేఠ్ ఆగాడు. లారీ వచ్చింది. అమ్మ ఆర్డరు ప్రకారం వివరణలన్నీ అతని చేత కూడా చదివించాను. "సాఫ్‌గా రాశావు. ఏ కాలేజీలో నేర్పారు?" అన్నాడు.

"కాలేజీ కాదు. మా అమ్మ నేర్పింది. ఆవిడ షెడ్‌లో ఖలాసీగా చేరింది, ఇప్పుడు టూల్ రూమ్ చూస్తుంది." గుమస్తాలందరికీ వినబడేలా చెప్పాను. అంత గర్వం నాకు డిగ్రీ వచ్చిన రోజున కూడా కలగలేదు.

ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. అమ్మ నా మొహంకేసి చూసింది.

"ఖలాసీ అని కూడా సెప్పేవా?"

"చెప్పాను."

చేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత, "ఆ సేఠ్ సదివినప్పుడు ఎక్కడైనా ఆగేడా?" అని అడిగింది.

"తొమ్మిదోది రెండుసార్లు చదివాడు."

"అయితే అది బాగోనేదు. పెన్ను తే."