మచ్చల కోటు, కొండ గోరింక

మా తమ్ముడు రాంబాబు జూన్‌లో రిటైరవుతున్నాడు. కిరందుల్‌లో గని వాళ్ళు వాడికిచ్చిన క్వార్టరు ఖాళీ చేసేస్తే, ఆ తర్వాత బస్తర్‌లో నాకు మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా ఉండదు. అందుకే అడవిలో కొండ గోరింకను చూడాలంటే ఈ మార్చిలోనే చూడాలనుకున్నాను. భీమిలి ఒడ్డున ఏళ్ళ తరబడి పిట్టల ఫోటోలు తీస్తున్నదాన్ని. ఉల్లంకులు, గూడబాతులు, సముద్రపు కాకులు అన్నీ నా దగ్గరున్నాయి. కొండ గోరింకను మాత్రం చిన్నప్పుడు విజయనగరంలో ఒక బట్టల కొట్టు పంజరంలో చూడటమే. వచ్చినవాళ్ళందరినీ "చెప్పులు బయట" అని గదమాయించేది. దాని సొంత గొంతు ఎలా ఉంటుందో వినాలని అప్పటినుంచీ కోరిక.

కిరందుల్ రైలు విశాఖలో ఉదయం ఏడు కాకముందే బయల్దేరుతుంది. నేను ఎక్కేసరికి నా కిటికీ సీట్లో ఒక కొత్త జంట సర్దుకుని ఉన్నారు. "ఆంటీ, అరకు దాకా అడ్జస్ట్ అవ్వండి ప్లీజ్" అంది అమ్మాయి. అరకు అంటే పక్క వీధి కాదు. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ బోగీ అంతా కేకలు పెట్టింది. సొరంగాలకు లోటు లేని దారి అది. అరకులో వాళ్ళు దిగాక కిటికీ నాకు దక్కింది, దాంతోపాటు మిట్టమధ్యాహ్నం ఎండ కూడా దక్కింది. కట్టుకెళ్ళిన పులిహోర అప్పటికే వేడెక్కిపోయింది. ఎదురు సీట్లో బచేలీ ఊరి పెద్దాయన ఒకరు నా కెమెరా సంచి చూసి, "పిట్టల కోసం ఇంత దూరమా అమ్మా? మా క్వార్టర్ల మీద పావురాలు బోలెడు, చూడలేక చస్తున్నాం" అన్నారు. ఇనుప ఖనిజం గూడ్సులకు దారిస్తూ, ఆగుతూ, కునుకుతూ రైలు కిరందుల్ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

మర్నాడు అంతా దండగ. కొండ మీదికి గని వైపు వెళ్ళాలంటే అనుమతి కావాలట. ఆ సంగతి నేను వచ్చేదాకా తమ్ముడికి గుర్తు రాలేదు. మా మరదలు నన్ను ఇంటింటికీ తిప్పి అట్లూ కాఫీలూ పెట్టించింది. ఒకావిడ పెరట్లోకి లాక్కెళ్ళి, జామచెట్టు మీద మామూలు గోరింకను చూపించి, "ఇదుగోండి మీ మైనా, దీనికోసం అడవులెందుకు?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం తమ్ముడి స్నేహితుడు ఒకరు ఫోన్ చేసి, జగర్గుండా రోడ్డులో కూలీల పని చూసుకుని వస్తుంటే జువ్విచెట్టు మీద నల్లపిట్టల గుంపు కనబడిందని చెప్పారు. చెవి కింద పసుపు తోలు వేలాడుతోందన్నారు. కొండ గోరింకే.

మూడోరోజు ఐదింటికి తమ్ముడి కారులో బయల్దేరాం. దారిలో భద్రతా బలగాల క్యాంపు దగ్గర జవాన్లు ఆపి, నా పొడుగు లెన్సును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది ఎంత దూరం చూస్తుంది?" అని హిందీలో అడిగిన జవానుకు, "పిట్ట దాకా" అన్నాను. తమ్ముడు నా వైపు గుడ్లురిమాడు. మీరెవరైనా అటు వెళితే ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, వెటకారం ఇంట్లో పెట్టండి.

అరణ్‌పూర్ దాటి కొంత దూరం పోయాక జువ్విచెట్టు కనబడింది. దాని చుట్టూ ఇప్పచెట్లు. తెల్లారుతోంది. తమ్ముడు కారు ఆపి, సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. నేను దిగి, నా మచ్చల కోటు తొడుక్కుని, తలకు అదే గుడ్డ టోపీ పెట్టుకున్నాను. ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలున్న కోటు. ఒడ్డున పిట్టల్ని తీసేవాళ్ళం అందరం అదే వేసుకుంటాం. ఇసుకలో చాటుకు చెట్టుండదు, మంచి చీర కట్టుకుని వెళితే ఉల్లంకి ఊరు దాటిపోతుంది. ఆ కోటు లేకుండా కెమెరా పట్టుకోవడం నాకు చేతకాదు.

పొదలు దాటి ముందుకు వెళ్ళాను. ఇప్పచెట్ల కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు వంగి పూలు ఏరుతున్నారు. ఒకామె తలెత్తి నన్ను చూసింది. అంతే, ఏదో అంది, అందరూ బుట్టలు వదిలేసి పరుగు తీశారు. ఇప్పపూలకు ఎలుగుబంటి వస్తుందని విన్నాను. నా వెనకే ఉందనుకుని నేనూ పరుగెత్తాను. పది అడుగులు పోయి వెనక్కి చూస్తే ఏమీ లేదు. నేనూ, నా కెమెరా స్టాండూ, నేల మీద పూల గుట్టలూ.

ఎలుగుబంటి రాలేదు గానీ పశువులొచ్చాయి. నేను తేరుకునేలోపు ఒక ఎర్రావు ఒక బుట్ట సగం ఖాళీ చేసింది. ఈ ఇళ్ళకు ఏడాదిలో చేతికొచ్చే పంట ఈ నాలుగు వారాల పువ్వేనని మరదలు ముందురోజే చెప్పింది. ఎవరెందుకు పారిపోయారో తెలియదు, వాళ్ళ కష్టం మాత్రం నా కళ్ళముందే ఆవు నోట్లోకి పోతోంది. కర్ర తీసుకుని అడ్డం నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే తలపైన ఈల వినబడింది. నున్నగా, తేటగా, చివర్లో కాస్త ప్రశ్నలా. జువ్వికొమ్మ మీద రెండు కొండ గోరింకలు. కెమెరా పదిహేను అడుగుల దూరంలో ఉంది.

పిట్టకు నిశ్శబ్దం కావాలి, ఆవుకు కేక కావాలి. నా బతుకంతా ఎదురుచూసిన నిమిషంలో ఈ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. కర్ర ఊపాను, ఆవు లెక్కచేయలేదు. రెండో బుట్టలో మూతి పెట్టింది. "హేయ్, పో, పో" అని గొంతు చించుకున్నాను. ఆవు కదిలింది. గోరింకలు లేచిపోయాయి. రెక్కల్లో తెల్లని పట్టీ ఒక్కసారి మెరిసింది, అంతే. ఆవును, తమ్ముణ్ణి, ఆ స్నేహితుణ్ణి, పులిహోరతో సహా అందరినీ తిట్టుకున్నాను. ఏడుపొచ్చింది.

గంటసేపు కాపలా కాసినా ఎవరూ రాలేదు. ఎండెక్కి చెమటలు పడుతుంటే కోటూ టోపీ తీసి కొమ్మకు తగిలించాను. లోపల నూలు చీర. అప్పుడు వచ్చింది ఒకామె, పొదల్లోంచి మెల్లగా, దూరంగానే ఆగి. నలభై ఏళ్ళుంటాయి. తెలుగులోనే అడిగింది.

"నువ్వు ఆడమనిషివా?"

"ఫోటోలు తీసుకునేదాన్నమ్మా. ఎవరనుకున్నారు?"

"ఎవరనుకునుడేంది? ఆ గుడ్డలు తొడిగినోళ్ళు ఇటు క్యాంపుల ఉంటరు, అటు అడవిల ఉంటరు. ఎవరో చూద్దామని ఆగినోళ్ళ కత మాకెరుకే."

తెలుగు ఎలా వచ్చిందని అడిగితే, "తెలంగాణల చర్ల దిక్కు మిరపకాయలు ఏరబోతం గద" అంది. తినేసిన బుట్ట వైపు చూసి, "పోనీ తియ్యి, మల్ల ఏరుకుంటం" అని మళ్ళీ వంగి ఏరడం మొదలుపెట్టింది. సిగ్గేసింది నాకు. కొమ్మమీద కోటు తీసి చాచాను.

"ఇది తీసుకో అమ్మా. చలికాలం పనికొస్తుంది."

ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. "వద్దు. అది నా ఇంట్ల దొరికితె నేనేం చెప్పాలె? తీస్కపో. దారిల కూడ పారెయ్యకు, ఎవరికన్న దొరుకుతది."

కారులో తమ్ముడు కళ్ళు నులుముకుంటూ, "దొరికిందేటక్కా పిట్ట?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇక్కడున్నావు, ఆ కోటు వేసుకోవద్దని ఒక్క మాట చెప్పలేకపోయావా అని కేకలేశాను. "మేం టౌన్‌షిప్ దాటి ఎప్పుడొచ్చామక్కా" అన్నాడు. వాడిని అనీ లాభం లేదు. అడగనిది నేను.

మర్నాడు ఉదయం తిరుగు రైలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కూడా కాలేదు. ఫోటో లేదు, ఒక ఈల, ఒక తెల్లపట్టీ. అయినా వెళ్ళండి, మార్చిలో వెళ్ళండి. అడవి అందంగా ఉంది, పిట్ట ఉంది. మామూలు చీరో, తెల్లచొక్కానో వేసుకుని, దూరం నుంచే పలకరించి వెళ్ళండి. పిట్ట ఎగిరిపోతే పోనివ్వండి.

మరదలు ఇచ్చిన పచ్చళ్ళతో సంచి నిండిపోయి కోటు పైనే మడిచి కట్టాను. దంతెవాడలో ఒకామె చంటిపిల్లతో ఎక్కింది. బోగీ కిక్కిరిసి ఉంది. నా పక్కనే చోటుంటే కూర్చుని, పిల్లను మా ఇద్దరి మధ్య పడుకోబెట్టింది. నేను పిల్ల బుగ్గ నిమిరాను. ఆమె నవ్వింది. తర్వాత ఆమె చూపు నా సంచి మీద పడింది. గబగబా కొంగు కప్పాను గానీ ఆలస్యమైంది. పిల్లను ఎత్తుకుని తలుపు దగ్గరికి వెళ్ళి, జగదల్‌పూర్ దాకా నిలబడే ప్రయాణం చేసింది.