మావయ్య పూడ్చిన గంట్లు

ముందే చెబుతున్నాను: నా చేతిలో పడితే చీమ కూడా ఖిదిర్‌పూర్ రేవులో క్రేనంత అవుతుంది. కిందిదంతా సగానికి మడిచి చదువుకోండి.

మా మావయ్య ఆ రేవు డాకులోనే ఫిట్టరు. గోడలన్నీ ఎర్రజెండాల బొమ్మలతో నిండిన రోజుల్లో, తాతయ్య ట్రంకుపెట్టె అడుగున పాత రివాల్వరు ఒకటి బయటపడింది. ఫిరంగికి పెద్దకొడుకులా ఉంది. పోలీసు థానాకు తీసుకెళితే అక్కడి పెద్ద అధికారి, అదే పెద్దబాబు, మెలిక పెట్టాడు. దీని తూటా ఇప్పుడెక్కడా దొరకదని తుపాకుల సంగతి తెలిసినవాడు తేలిస్తే పాతసామాను కింద ఇంట్లో ఉంచుకోవచ్చు. దొరికేదైతే జమ చేసేయాలి. తండ్రి గుర్తుగా మిగిలింది అదొక్కటే. మావయ్యకు అన్నం సయించలేదు, అంటే రెండు కుండలకు బదులు ఒక్కటే ఖాళీ చేశాడు.

భవానీపూర్‌లో తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీ దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లద్దాలతో చంద్రుడి మీద చీమల్ని లెక్కపెట్టొచ్చు. తూటా పెట్టే గదిలో మైనం కరిగించి పోశాడు. చల్లారాక బయటికి తోసి, ఆ అచ్చును కొలిచాడు. ఆ కొలతకు సరిపడే తూటా ఇప్పటికీ దొరుకుతుందట! మావయ్య ముఖం మాడిపోయింది.

మిస్త్రీ మాత్రం వదల్లేదు. సాయంత్రందాకా తిప్పి తిప్పి చూశాడు. "తూటాను పేల్చే ఈ సుత్తికి ముక్కు లేదే. తూటా వీపును దేంతో పొడుస్తుంది?" అని గొణిగి, గదుల అంచుల మీద గోరుతో గీకాడు.

"దాదా, ఇక్కడ ఇత్తడి పోసిందెవరు?"

మావయ్య ఛాతీ హౌరా బ్రిడ్జంత అయింది. "నానే! గదికో గంటుంటే అరిగిపోనాయనుకున్నాను. గంటున్న సామాను బయటికంపితే మా డాకు సర్దారు ఊరుకుంటాడేటి? ఇత్తడి పోసి, ఆకురాయితో నున్నగా సేసీసేను."

"అరుగుడు కాదు దాదా! ఈ రకం తూటాకు పక్కన చిన్న మేకుంటుంది. అది బయటికి రావడానికే ఆ గంట్లు. సుత్తి ఆ మేకు నెత్తిన కొడుతుంది. అలాంటి తూటా ఇప్పుడెవడూ చెయ్యడు."

"అయితే మా అయ్యది మాకేనేటి?"

"మీకే. మీరు మాత్రం నా వీధిలో దుకాణం పెట్టకండి, నేనేం తినాలి?"

మర్నాడు ఆయనే థానాకొచ్చి ఆ మాట చెప్పాడు. రివాల్వరు మా గోడకెక్కింది.

పెంచినవి పెంచాను గానీ, కల్పించింది ఒక్కటే. ఆ అతుకు మిస్త్రీకి సాయంత్రందాకా దొరకలేదన్నది. నిజానికి చేతిలోకి తీసుకోగానే పట్టేశాడు. ఈ చివరి నాలుగు మాటలూ తప్ప మిగతాదంతా రేపు మావయ్యకు చదివి వినిపిస్తాను.