సింధూజ అనని మాట

జఫర్‌గఢ్‌లో నాట్లేసే ఆడవాళ్లకు కొమురమ్మ పాట లేనిదే పొద్దు గడిచేది కాదు. మొగుణ్ణి దెప్పిపొడిచే పాటే ఎప్పుడూ అందుకునేది. కూతురు సింధూజ పోయినప్పటి నుంచి ఆ నోరు మూతపడింది.

సింధూజ యూట్యూబ్ జానపద వీడియోల్లో ఆడేది. ఆఖరి షూటింగ్ నుంచి బండి మీద వస్తూ బొగ్గు లారీ కింద పడింది. పిల్ల పోయాక ఆ పాట బయటికొచ్చింది. ఇక ఏ పెళ్లి బరాత్‌లో చూసినా అదే. ‘తన్నినా పోను బావా, నీ గడపల పడుంటా’ అంటూ డీజే బాక్సులు ఇంటి రేకులు అదరగొడుతుంటే కొమురమ్మ చెవుల్లో కొంగు కుక్కుకునేది.

“ఆడివిల్ల నోట గిసొంటి మాటలా వదినె? ఇజ్జత్ తీసిపోయింది,” అంది ఆడపడుచు కౌసల్య.

కొమురమ్మకు కావలసింది ఒక్కటే, బిడ్డ గొంతు. సింధూజ ఫోను లారీ కిందే నుజ్జయింది. పాటలో గొంతు వేరే పిల్లది. కానీ షూటింగ్‌లో మాట్లాడి ఉంటుంది, నవ్వి ఉంటుంది. అదంతా కెమెరాలో లేకుండా ఎక్కడికి పోతుంది? ఆ ఆశతో బస్సెక్కి భూపాలపల్లి పోయి, వీడియో తీసిన చైతన్యను పట్టుకుంది.

“పాట నాకొద్దు కొడుకా. నా బిడ్డ ఊకె మాట్లాడింది ఉంటే జర పెట్టు. ‘అవ్వా’ అన్నా సాలు.”

చైతన్య తలొంచుకున్నాడు. “షూటింగ్‌ల మాట రికార్డు చెయ్యం పెద్దమ్మా. పాట బాక్సుల పెడ్తం, ఆడేటోళ్లు పెదవులు కదుపుతరు. బొమ్మే ఉంటది.”

“గంత పెద్ద కెమెరా పెట్టి గొంతు పట్టలేదా?” అంటూ కూలబడిపోయింది.

అతను మంచినీళ్లిచ్చాడు. “మీ పిల్ల జగమొండి. ‘పడుంటా’ అనేకాడ పెదవి కదపనన్నది. ‘మా అవ్వ మొగుణ్ణి తిట్టుకుంట నాటేసింది, నేనీ మాట అనను’ అన్నది. పొద్దుగూకుతాంది, ఏంజెయ్యాలె? అటు తిప్పి నిలబెట్టి తీసినం.”

ఫోనులో చూపించాడు. సరిగ్గా ఆ మాట దగ్గర సింధూజ ముఖం లేదు. వీపు, జడ, అంతే.

ఇంటికి రాగానే తన ఫోనులో ఆ వీడియో తీసి కౌసల్య ముందు పెట్టింది. “సూడు, నా బిడ్డ గా మాట అన్లే!”

“జడ ఎవలు సూస్తరు వదినె? ఇనవడేది గదే గదా,” అని కౌసల్య పొయ్యి దగ్గరికి పోయింది.

అప్పుడే వాడకట్టులోకి దంతాలపల్లి మగపెళ్లివాళ్ల బరాత్ వచ్చింది. అదే పాట. కొమురమ్మ చెప్పులైనా వేసుకోకుండా ఉరికింది. బాక్సుల ముందు చేతులూపుతూ, “అది అన్లే! నా బిడ్డ అన్లే!” అని గొంతు చించుకుని అరిచింది. పక్కనున్నవాళ్లకైనా వినపడలేదు.

“పెద్దవ్వ మస్తు ఊపు మీదున్నది, జాగ ఇయ్యుండ్రి!” అన్నాడొకడు. పిల్లలంతా జరిగి ఆమె చుట్టూ గుండ్రంగా నిలబడి ఈలలేశారు. డీజేవాడు సంబరపడి సౌండు ఇంకా పెంచాడు.