ఆమె మాటకు ఆగిన చోటు

నాటకంలో నా పోర్షన్ నోటికి రావాలంటే నాకెప్పుడూ ఎదురుగా ఒక మనిషి కావాలి. ఒక చేత్తో చప్పట్లు మోగవు కదా, సంభాషణా అంతే. రేణిగుంట గోడౌనులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో తిరుపతిలో నాటకాలు ఆడినన్నాళ్లూ ఆ మనిషి మా ఆవిడే. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని, మిగతా పాత్రలన్నీ తనే చదివేది. జమీందారుకూ పనిమనిషికీ ఒకటే గొంతు. ఏడవాల్సిన చోట కూడా రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు చదివేది.

అయితే చదివి ఊరుకునేది కాదు. మాట ముగియగానే ఆ పాత్రను దులిపేసేది. "ఈ యమ్మకు పొగరు. మొగుడు తిన్నాడా లేదా అని ఒక్క మాటన్నా అడిగిందా సూడు," అనేది. విలన్ వస్తే, "వీనికి పిల్లనెవరిచ్చినారో, వాళ్లననాల," అనేది. నగరిలో నేతపని చేసే ఇంటి పిల్ల. మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడి పెరిగింది, లోపల అనుకుని ఊరుకోవడం తెలియదు. ఆమె తిట్టడం అయ్యాకే నేను నా జవాబు చెప్పాలి. చిరాకేసేది. కానీ కాగితం మీది పాత్ర నాకు మనిషిలా కనిపించడం మొదలయ్యేది ఆ తిట్లతోనే.

పోయిన ఏడు ఆమె పోయింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకుపోతే మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత ఒప్పుకున్న మొదటి నాటకంలో నాది ముసలి మొగుడి వేషం. పెళ్లాం విసిగిపోయి తమ్ముడింటికి వెళ్లిపోతూ గుమ్మంలో నిలబడి, "పొయ్యి ఆర్పినాను, సూసుకో. నేను పోతాండా," అంటుంది. నేను "సరే, పో" అనాలి. అంతే. ఇంట్లో ఖాళీ స్టూలు ముందు నిలబడి, ఆ పెళ్లాం మాటలూ నేనే చెప్పుకుంటూ నేర్చుకున్నాను.

రిహార్సల్లో చిక్కొచ్చింది. పెళ్లాం వేషం వేసే టీచరమ్మ మాట ముగించినా నా నోట జవాబు రావడం లేదు. ప్రతిసారీ అక్కడే ఆగిపోతున్నాను. డైరెక్టర్ నాకంటే చిన్నవాడు. ఓపిక పట్టి పట్టి, "యాడికి పోతాండారన్నా? ఆ యమ్మ చెప్పేసింది గదా. ఇట్లయితే ఈ వేషం ఇంకొకరికి ఇయ్యాల్సొస్తాది," అన్నాడు. అతనికి ఏమని చెప్పను? ఆ రెండు మాటల సందులో మా ఆవిడ మాట్లాడుతోంది. "పో అంటాడంట. బస్సుకాడి దాకన్నా తోడు పోడా ఈ మనిసి?" అని నాకు స్పష్టంగా వినబడుతోంది. ఆమె ముగించకుండా నేనెలా అందుకోను?

చిత్తూరులో మొదటి ప్రదర్శన. అక్కడా ఆగిపోయాను. నేను "సరే, పో" అనేసరికి ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. తెర దిగాక డైరెక్టర్ నా చేయి పట్టుకుని, "ఆ గ్యాప్ మాత్రం మార్చొద్దన్నా. ఆ ముసలాయన లోపలిదంతా ఆడనే ఉండాది," అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. వేషం నిలిచినందుకు కాదు. ఇంట్లో ఎంతసేపు కూర్చున్నా వినపడని గొంతు అది. దాన్ని వినడానికి నాకొక చోటు మిగిలింది, అదీ అందరి ముందూ, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేకుండా.

నగరిలో ఆడాం. అక్కడా వినబడింది. ఆ తర్వాత వరసగా ఊళ్లు తిరిగాం. టీచరమ్మ గొంతు, ఆమె ఊపిరి తీసే తీరు నాకు అలవాటైపోయాయి. సూళ్లూరుపేటలో ఆమె "నేను పోతాండా" అన్నదో లేదో, నా నోట్లోంచి "సరే, పో" అని వచ్చేసింది. అన్నాక గానీ నాకు తెలియలేదు. మిగిలిన సీను ఎలా నడిపానో గుర్తులేదు. తెర వెనక్కి రాగానే డైరెక్టర్, "గ్యాప్ ఏమైందన్నా?" అన్నాడు.

"మర్సిపోయినాను," అన్నాను. ఆ మాట అంటుంటే నాకే భయమేసింది.

ఇప్పుడు మళ్లీ ఆ చోట ఆగుతున్నాను. గుర్తుపెట్టుకుని, తల కాస్త వంచి, కావాలని ఆగుతున్నాను. జనం ఎప్పటిలాగే కళ్లు తుడుచుకుంటున్నారు. ఎంతసేపు ఆగినా ఆమె ఏమీ అనడం లేదు.